డఫ్, డప్పు, బౌరాన్: తోలు ఒక్కటే, ఇజ్జత్ మూడు తీర్లు



పోయిన సర్దీల్లో మా చెల్లె కొడుకు డబ్లిన్ నుంచి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. నిజామాబాద్ జిల్లా పిల్లలంటే అందరికీ దుబాయ్, దమ్మామ్ గుర్తుకొస్తాయి గాని, ఇప్పుడు మనవాళ్ళు ఐర్లండ్ దాకా కూడా పోతున్నారు. వీడియోలో బజార్ పక్కన ఒక పెద్దాయన స్టూలు మీద కూచున్నాడు. ఎడమ తొడ మీద గుండ్రటి తోలు వాయిద్యం నిలబెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి దాని వెనక్కి పోయింది. కుడి చేతిలో జానెడు పుల్ల. ఆ పుల్ల రెండు కొసలూ తోలు మీద ఆడుతుంటే, పక్కన ఒకామె ఫిడేలు వాయిస్తున్నది. కింద మా భాంజా ఇలా రాశాడు: "మామూ, దీని స్పెల్లింగ్ చూస్తే మన బోధనే. మధ్యలో ఒక్క 'ర' ఎక్కువ. పలకడం మాత్రం బౌరాన్ అంటరు. ఇది మన డప్పే కదా?"

వెంటనే జవాబు ఇవ్వలేకపోయాను. 'మన' డప్పు అన్నాడు వాడు. మా ఇంట్లో డప్పును ఏనాడన్నా మనది అన్నామా? డఫ్ మనది అంటాం. హదీసుల్లో ఉంది కాబట్టి ఇజ్జత్‌గా చెప్పుకుంటాం. డప్పు మాత్రం ఊరి చివర ఉండేవాళ్ళది అనుకుంటూ పెరిగాం. రెండూ చట్రానికి బిగించిన తోలే. వాడి సవాల్‌కు జవాబు వెతుకుతూ పోతే ఐర్లండ్ సాజుల తారీఖ్ ఒకవైపు, మన పోచంపాడ్, బోధన్ పల్లెల మొహర్రం ఒకవైపు నిలబడ్డాయి. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి రాసిన మజ్మూన్ ఇది.

బౌరాన్ కహానీ

బౌరాన్ అంటే చెక్క చట్రానికి ఒకవైపు మాత్రమే తోలు బిగించిన వాయిద్యం. ఎక్కువగా మేక తోలే వాడతారు. అడ్డం కొలత సాధారణంగా 35 నుంచి 45 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వెనకవైపు ఖాళీ. అందులో చెయ్యి పెట్టి లోపలి నుంచి తోలును నొక్కుతూ వదులుతూ ఉంటే శబ్దం లావుగానో సన్నగానో మారుతుంది. ఐరిష్ భాషలో 'చెవుడు, మొద్దు చప్పుడు' అనే అర్థం ఉన్న మాట నుంచి ఈ పేరు వచ్చిందని చెబుతారు.

దాని పుట్టుకలో షాహీ దర్బారు ఏమీ లేదు. ఐర్లండ్ పల్లెల్లో గింజలు చెరగడానికి, ఎత్తి పోయడానికి తోలు బిగించిన చట్రం ఒకటి ఉండేది. మన ఇళ్ళల్లో చేట ఎట్లనో వాళ్ళకు అది అట్ల. బౌరాన్‌కు దానితో చాలా దగ్గరి రిష్తా. చేసేవాళ్ళూ రైతులే, వాయించేవాళ్ళూ రైతులే. ఏడాదిలో ఎక్కువ రోజులు గోడకు వేలాడేది. డిసెంబర్ 26న దానికి పని పడేది. ఆ రోజును రెన్ అనే చిన్న పిట్ట పేరుతో జరుపుకుంటారు. పడుచు పిల్లలు గడ్డితో చేసిన ముసుగులు వేసుకుని, మొహానికి రంగు పూసుకుని, బౌరాన్ కొడుతూ ఇల్లిల్లూ తిరిగి పైసలు అడుగుతారు.

ఈ మాట చదవగానే మీకు మన మొహర్రం యాదికి రాలేదా? మన్నత్ మొక్కుకున్న పిల్లలను ఇమామ్ హుసేన్ పేరు మీద ఫకీర్లను చేసి, మెడలో ఝోలీ వేసి ఇల్లిల్లూ తిప్పడం, పులి వేషాలు, వాటి ముందర డప్పు! దీన్ వేరు, దేశం వేరు. గడప ముందు నిలబడి తోలు మోగించి చెయ్యి చాపే రివాజ్ మాత్రం ఒకటే.

తోలు మిజాజ్ కూడా అంతటా ఒకటే. ఐర్లండ్‌లో వానలు ఎక్కువ. తేమకు తోలు వదులవుతుంది. పాతకాలం వాళ్ళు పొయ్యి సెగకు కాచుకునేవాళ్ళు. మరీ బిగుసుకుంటే నీళ్ళ చెయ్యితో తడిపేవాళ్ళు. ఈ రోజుల్లో చట్రానికి మరలు పెట్టి బిగించుకుంటున్నారు. గడ్డి మంట చుట్టూ డప్పులు తిప్పుతూ కాచే మన అన్నలను చూసినవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

సాజుల ఖాందాన్

బౌరాన్ ఒక్కటే కాదు, ఐర్లండ్ సాజుల్లో సగానికి మన దగ్గర ఖాందాన్ ఉంది. ఒక్కొక్కటీ చూద్దాం.

ఐర్లండ్ సర్కారీ నిషాన్ హార్ప్. అక్కడి యూరో నాణెం వెనక కూడా అదే ఉంటుంది. వంగిన చట్రానికి తీగలు కట్టి వేళ్ళతో మీటే సాజ్ అది. ఒకప్పుడు జమీందార్ల ఇళ్ళల్లో హార్ప్ వాయించేవాళ్ళకు పెద్ద మర్యాద. వాళ్ళలో టర్లో ఓ కారలన్ (1670-1738) మషహూర్. పద్దెనిమిదేళ్ళకే మశూచి వచ్చి కళ్ళు పోయాయి. గుర్రం మీద ఊరూరా తిరుగుతూ బాణీలు కట్టాడు. పాత దర్బార్లు కూలిపోయాక ఈ విద్య ఆరిపోయే స్థితికి వచ్చింది. 1792లో బెల్‌ఫాస్ట్‌లో మిగిలిన వాళ్ళను పోగు చేసి సభ పెడితే వచ్చిన ఐరిష్ హార్ప్ విద్వాంసులు పది మందే. ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు వాళ్ళ బాణీలు రాసిపెట్టాడు కాబట్టి కొన్నైనా బతికాయి.

రెండోది ఇల్లిన్ పైప్స్. తోలు సంచిలో గాలి నింపి గొట్టాల్లోంచి వదిలే సాజ్. స్కాట్లండ్ ఫౌజీల మాదిరి నోటితో ఊదరు. చంకలో పెట్టుకున్న చిన్న తిత్తిని మోచేత్తో ఒత్తి గాలి ఎక్కిస్తారు. ఇల్లిన్ అంటే మోచెయ్యి అనే. ఒక గొట్టం మీద వేళ్ళు ఆడుతుంటే, మిగతా గొట్టాలు ఆగకుండా శ్రుతి పట్టి ఉంటాయి. 2017లో యునెస్కో దీన్ని మానవజాతి విరాసత్ జాబితాలో చేర్చింది. హార్ప్‌ను 2019లో చేర్చింది.

తోలు సంచి సాజ్ మనకూ కొత్త కాదు. తెలుగులో దాన్ని తిత్తి అంటారు. మేక తోలును నిలువునా ఒలిచి, కాళ్ళ దగ్గర రంధ్రాలు కట్టేసి, గొట్టాలు బిగించి, పాడేవాళ్ళ వెనక శ్రుతికి పట్టేవాళ్ళు. ఉత్తరాదిలో అదే మష్క్ బీన్. మష్క్ అనే మాట వింటే మన గుండెలో ఇంకోటి కదులుతుంది. భిష్తీ భుజాన మోసిన నీళ్ళ సంచి మష్కే. కర్బలాలో పిల్లల దాహం కోసం హజ్రత్ అబ్బాస్ ఫురాత్ ఒడ్డుకు తీసుకుపోయిందీ మష్కే. ఒకే తోలు సంచిలో నీళ్ళు పోస్తే సబీల్, గాలి నింపితే సాజ్. అంగ్రేజుల పల్టన్లతో ఈ బాజా మన దేశానికి బలంగా వచ్చింది. ఈనాడు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ కారీగర్లు చేసిన బ్యాగ్‌పైపులు దునియా అంతటికీ పోతున్నాయి.

మూడోది కాన్సర్టినా. రెండు చేతుల మధ్య సాగుతూ ముడుచుకునే చిన్న పెట్టె. క్లేర్ అనే జిల్లాలో దీనికి చాలా ఖదర్. దాని గుట్టు ఏమిటంటే, గాలి తాకితే అదిరే లోహపు రేకులు. మన హార్మోనియం గుట్టు కూడా అదే. పారిస్‌లో డెబాన్ 1842లో హార్మోనియానికి పేటెంట్ తీసుకున్నాడు. అది కాళ్ళతో తొక్కే పెద్ద పెట్టె. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూచుని ఒక చేత్తో గాలి కొట్టుకునేటట్లు మార్చాడు. ఆ తర్వాతే అది ఖవ్వాల్ ముందుకూ, నాటకాల మేళంలోకీ వచ్చింది. ఫిరంగీ సాజ్ అని చెప్పి ఆల్ ఇండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. ఖవ్వాలీ మహఫిల్ మాత్రం దాన్ని వదల్లేదు.

బ్యాంజో సంగతి ఇంకా తమాషా. ఐర్లండ్ వాళ్ళ బ్యాంజో ఆఫ్రికా గులాముల చేతుల్లో అమెరికాలో పుట్టింది, అక్కడి నుంచి సముద్రం దాటింది. మన ఖవ్వాల్లు బ్యాంజో అనేది వేరు. టైపు మిషన్ మాదిరి బటన్లు ఉండే బుల్‌బుల్ తరంగ్ అది. జపాన్‌లో నగోయా నగరంలో 1912లో తయారైన ఒక సాజ్ నుంచి వచ్చింది. పేరు ఒకటే అయినా రెండూ చుట్టాలు కాదు.

ఇక ఫిడేలు ఇటలీ నుంచి, బుజుకీ 1960లలో గ్రీసు నుంచి, రేకు పిల్లనగ్రోవి ఇంగ్లండ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. కొయ్య ఫ్లూటు వచ్చిన తీరు చూడండి. 1847లో జర్మనీలో బోహ్మ్ లోహపు ఫ్లూటు చేశాడు. పట్నాల్లో వాయించేవాళ్ళు పాత కొయ్య ఫ్లూట్లు పారేస్తే, అవి సస్తా ధరకు పల్లె రైతుల చేతిలో పడ్డాయి. అమీర్లు వదిలేసిన దానితో గరీబులు తమ గానం కట్టుకున్నారు. 'అస్సలైన' ఐరిష్ సాజులు అనుకునేవాటిలో చాలా మటుకు బయటి నుంచి వచ్చినవే. ఏ తెహజీబ్ కూడా తన ఇంటి గోడల మధ్యనే పుట్టి పెరగలేదు.

ఆ దారిలో మన తెలుగు నేలకూ ఒక మలుపు ఉంది. మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్ పనిచేసేవాడు. ఆయన బేగం మార్గరెట్ కజిన్స్ డబ్లిన్‌లో సంగీతం చదివిన మనిషి. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడు 'జనగణమన' బాణీని స్వరాల్లో రాసిపెట్టింది ఆమెనే. రోజూ మన పిల్లలు బడిలో పాడే పాట వెనక ఐర్లండ్‌లో సంగీతం నేర్చిన చెవి ఉంది.

మన డఫ్

ఇప్పుడు ఇంటికి వద్దాం. సంగీతం గురించి మనలో ఇఖ్తెలాఫ్ పాతదే. ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా'లో సమా మీద ఒక పూర్తి భాగమే రాశారు. సమా వినే విషయంలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా గియాసుద్దీన్ తుగ్లక్ దర్బారులో ఉలమా ముందు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆ బహస్‌ను ఇక్కడ తేల్చే ఇల్మ్ నాకు లేదు, నా ఇరాదా కూడా అది కాదు. కానీ ఒక సాజ్ దగ్గర అందరి గొంతూ మెత్తబడుతుంది. అది డఫ్.

ఈద్ రోజు హజ్రత్ ఆయిషా ఇంట్లో ఇద్దరు అమ్మాయిలు డఫ్ కొడుతూ పాడుతుంటే హజ్రత్ అబూబకర్ గద్దించారు. ప్రతి ఖౌమ్‌కూ ఒక పండుగ ఉంటుంది, ఇది మన పండుగ, వాళ్ళను వదిలెయ్యమని రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. ఈ సంగతి బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. రుబయ్యి బిన్త్ ముఅవ్విజ్ షాదీలో ఆడపిల్లలు డఫ్ కొడుతూ బద్ర్ షహీదుల మీద పాడిన సంగతి కూడా బుఖారీలోనే ఉంది. నికాహ్‌ను దాచకుండా నలుగురికీ తెలిసేటట్లు చెయ్యాలి, దానికి డఫ్ కొట్టాలి అనే మాట మన పెద్దలందరికీ తెలిసిందే. అంటే డఫ్ పని ఖబర్ చెయ్యడం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

మన ఫుఖహాలో చాలామంది ఒక షర్తు పెట్టారు: డఫ్‌కు గజ్జెలు, తాళపు బిళ్ళలు ఉండకూడదు. తమాషా ఏమిటంటే పాత బౌరాన్లకు కూడా చట్రంలో రేకు బిళ్ళలు ఉండేవి. కొత్తవాటిలో తీసేశారు. అక్కడ ఫత్వా వల్ల కాదు, పక్కన వాయించే ఫిడేలు వినబడాలని.

దక్కన్‌లో డఫ్‌ను ఎత్తుకున్నది ముఖ్యంగా ఫకీర్లు. ఉర్సుల్లో రిఫాయీ ఫకీర్లు డఫ్ కొడుతూ జర్బ్ చెయ్యడం చూసే ఉంటారు. కేరళలో మాప్పిళ ముస్లింలు దాన్ని డఫ్ ముట్టుగా చేసుకున్నారు. వరసగా నిలబడి, వంగుతూ లేస్తూ డఫ్ కొట్టే ఆ కళ ఇప్పుడు అక్కడి సర్కారీ స్కూళ్ళ పోటీల్లో ఒక అంశం. హైదరాబాద్‌లో యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు మర్ఫా తెచ్చారు. నిజాం ఫౌజులో ఉండి వాయించిన ఆ బాజా ఇవ్వాళ ప్రతి బరాత్‌లో మోగుతున్నది. కొట్టేవాళ్ళకు ఇనామ్, నోట్ల దండలు.

మన పక్కింటి డప్పు

ఇక పోచంపాడ్. 1963 జులై 26న నెహ్రూ వచ్చి గోదావరి మీద ప్రాజెక్టుకు పునాది రాయి వేశాడు. దాని పని చూసుకుని మా అబ్బా ఇక్కడికి వచ్చారు. అమ్మీది బోధన్ పక్కన పల్లె. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి చెరుకు తోలే ఊళ్ళలో ఒకటి. ప్రతి మొహర్రంకూ నన్ను నానీ ఇంటికి పంపేవాళ్ళు. చెరుకు బండ్లు, బెల్లం వాసన, పీర్ల కొట్టం ముందు అలావా గుండం: ఇవీ నా బచ్‌పన్ యాదులు.

ఆ ఊళ్ళో మా ముస్లింల ఇళ్ళు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. పీర్లు లేచేవి మాత్రం ఊరంతటికీ. దట్టీలు కట్టేది కాపుల ఆడవాళ్ళు, కట్టెలు తెచ్చేది గొల్లలు, ముజావర్ మా వాళ్ళలో ఒకరు. డప్పు మాత్రం మాదిగ ఇళ్ళ నుంచి రావాల్సిందే. డప్పు రానిదే పీరు కదిలేది కాదు. రాత్రి గుండం చుట్టూ అసైదూలా ఆడేటప్పుడు అడుగు వేయించింది ఆ తోలే. పదో తారీఖున పీర్లు వాగుకు పోయేటప్పుడు ఆ దరువు మెల్లగా దిగిపోయేది. పిల్లలం కూడా చప్పుడు చెయ్యకుండా నడిచేవాళ్ళం.

డప్పు కట్టడం చిన్న హునర్ కాదు. గుండ్రటి కొయ్య చట్రం కావాలి. తోలు నానబెట్టి, వెంట్రుకలు తీసి, చింతగింజల జిగురుతో చట్రానికి అంటించి, వెనకవైపు వారుతో లాగి కట్టి ఆరబెట్టాలి. ఎడమ భుజానికి వేసుకుని, కుడిచేత చిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టుకుంటారు. చిర్ర లావుగా మోగిస్తే, పుల్ల సన్నగా గలగలమంటుంది. బౌరాన్ వాళ్ళు ఒక్క పుల్ల రెండు కొసలతో, వెనక చేత్తో చేసే పనిని మనవాళ్ళు రెండు పుల్లలతో చేస్తారు. పైగా వాళ్ళు కూచుని వాయిస్తే, వీళ్ళు అడుగు వేస్తూ, తిరుగుతూ, వంగుతూ కొడతారు. పెళ్ళికి ఒక దరువు, చావుకు ఒకటి, జాతరకు ఒకటి. సర్కారు హుకుం ఊళ్ళో చాటింపు వెయ్యాలన్నా డప్పే. డఫ్ పని ఖబర్ చెయ్యడం అన్నాను కదా, ఊళ్ళకు ఊళ్ళు తరాల తరబడి ఖబర్ విన్నది ఈ డప్పు నుంచే.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడే మాట చెబుతాను. పీర్ల ముందు డప్పు కొట్టే పెద్దాయన ఒకరు ఉండేవారు. అప్పటికే తల నెరిసిపోయింది. మా నానా కంటే రెండు మూడేళ్ళు పెద్ద అనేవాళ్ళు. పదేళ్ళ పోరణ్ణి నేను ఆయన్ని ఒట్టి పేరుతో, 'అరే' అని పిలిచేవాణ్ణి. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. మలీదా పంచేటప్పుడు అందరికీ చేతిలో పెట్టేవాళ్ళు, ఆయనకు మాత్రం ఆకులో పైనుంచి వేసేవాళ్ళు. షర్బత్ గ్లాసు వేరే ఉండేది, చూరులో చెక్కి పెట్టేది. ఇది చేసింది పరాయివాళ్ళు కాదు. మసీదులో అమీరూ గరీబూ ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడే మేమే. కర్బలా జుల్మ్ విని ఏడ్చిన కళ్ళే అవి. మా అమ్మీ షాదీలో బరాత్ ముందర ఎండలో రెండు కోసులు కొట్టుకుంటూ నడిచింది కూడా ఆయనే అట. దావత్‌లో ఆయన విస్తరి గోడ బయట.

డఫ్ సున్నత్ అని గొప్పగా చెప్పుకున్న నోటితోనే డప్పును నీచంగా చూశాం. తోలు తప్పు చెయ్యలేదు. తోలు ఒలిచి, నానబెట్టి, వాసన భరించి, మనకు చెప్పులూ మష్కులూ డప్పులూ ఇచ్చిన చేతులను ముట్టుకోకూడదని మనకు ఎవరు నేర్పారు? ఖురాన్ నేర్పలేదు. ఊరి కులం నేర్పింది, మనం నేర్చుకున్నాం.

ఇజ్జత్ ఎట్ల వచ్చింది?

బౌరాన్‌కు కూడా మొదట్లో ఇజ్జత్ లేదు. పల్లెటూరి మోటు చప్పుడు అని చదువుకున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. అంగ్రేజుల హుకూమత్‌లో ఐరిష్ భాషే కిందపడిపోయింది. 1845లో మొదలైన ఆలుగడ్డ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా వలస పోయారు. వాయించేవాళ్ళూ వినేవాళ్ళూ కలిసే ఓడ ఎక్కారు. స్వరాజ్యం వచ్చాక కూడా తకలీఫ్ తప్పలేదు. ఇళ్ళల్లో, కూడళ్ళలో ఆడామగా కలిసి నాట్యం చేస్తున్నారని పాదరీలు కోపం చేశారు. 1935లో డాన్స్ హాళ్ళకు లైసెన్సు ఉండాలని కానూన్ వచ్చింది. దాని పేరు మీద ఇళ్ళల్లోని మహఫిళ్ళను కూడా ఆపించారు. జాన్ బి. కీన్ 1986లో రాసిన 'ది బౌరాన్ మేకర్స్' నవల ఈ గొడవ మీదనే: ఒక గరీబు పల్లె, దాని రెన్ నాచ్, దాన్ని మాన్పించాలని పట్టుబట్టిన పాదరీ. మన పల్లెల్లో అలావా దగ్గర జరుగుతున్న బహస్‌లు విన్నవాళ్ళకు ఆ కథ పరాయిది అనిపించదు.

మలుపు ఎక్కడ వచ్చింది? 1951లో సంగీతం వాయించేవాళ్ళు అంజుమన్ పెట్టుకున్నారు. అదే ఏడాది మల్లింగర్‌లో మొదటి పెద్ద జల్సా జరిగింది. ఇప్పటికీ ఏటా జరుగుతూనే ఉంది. 1960ల మొదట్లో షాన్ ఓ రీడా అనే సంగీతకారుడు తన బృందంలో బౌరాన్‌ను ముందుకు తెచ్చి కూచోబెట్టాడు. విలాయతీ డ్రమ్ములు ఎందుకు, మన తోలు ఉంది కదా అన్నాడు. ఆ బృందం నుంచే 1962లో చీఫ్టెయిన్స్ మొదలై దునియా అంతా తిరిగారు. ముప్పై నలభై ఏళ్ళల్లో గోడకు వేలాడిన చేట ముల్క్ నిషానీ అయింది.

కానీ కహానీ ఇక్కడ అయిపోతే అది సగం కహానీ. ఇల్లిన్ పైప్స్ ఆరిపోతున్న రోజుల్లో దాన్ని ఊరూరా మోసింది ఎవరు? ట్రావెలర్లు అనే సంచార ఖౌమ్‌లో కొన్ని కుటుంబాలు. గుర్రపు బండిలో ఇల్లు పెట్టుకుని, జాతరల్లో వాయిస్తూ బతికిన జానీ డోరన్ (1908-1950) వాళ్ళలో పెద్ద ఉస్తాద్. 1947లో ఆయన వాయించింది రికార్డు చేశారు కాబట్టి ఈ రోజుకీ కుర్రవాళ్ళు అది విని నేర్చుకుంటున్నారు. మరుసటి ఏడాది డబ్లిన్‌లో గోడ కూలి ఆయన బండి మీద పడింది. ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. ఆయన సాజుకు దేశం సలామ్ కొట్టింది. ఆయన ఖౌమ్‌కు మాత్రం ఇల్లు అద్దెకు దొరకదు, హోటల్లో కూచోనివ్వరు అనే ఫిర్యాదులు పోలేదు. ఐర్లండ్ సర్కారు వాళ్ళను ప్రత్యేక జాతిగా మన్నించింది 2017 మార్చి 1న. పైప్స్‌కు యునెస్కో ఇజ్జత్ వచ్చిందీ అదే ఏడాది.

సాజుకు ఇజ్జత్ ఇవ్వడం సులువు, వాయించిన చేతికి ఇవ్వడం కష్టం.

మన దగ్గర ఆ కష్టమైన పని డప్పు కొట్టినవాళ్ళే మొదలుపెట్టారు. 1994లో మాదిగలు తమ హక్కుల పోరాటం ఎత్తుకున్నప్పుడు దానికి దండోరా అనే పేరే నిలిచింది. ఏ డప్పు పేరు చెప్పి తిట్టారో ఆ డప్పునే జెండా చేసుకున్నారు. తెలంగాణ ఉద్యమంలో ధూం ధాం మొదలైంది మన జిల్లాలోనే, అప్పట్లో నిజామాబాద్‌లో భాగంగా ఉన్న కామారెడ్డిలో, 2002లో. ఆ వేదికల మీద డప్పు మోగితే అన్ని కులాలవాళ్ళూ గజ్జె కట్టారు. ఆనాడు నేను కూడా జనంలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఇంటికి వచ్చి ఒక్కసారన్నా ఆ పెద్దాయన గురించి అడిగానా? లేదు.

తర్వాత తెలిసింది. 2015 డిసెంబర్‌లో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చెరుకు పని తగ్గింది. ఆయన మనవళ్ళు పని వెతుక్కుంటూ పోయారు, ఒకడు గల్ఫ్‌కు. మన పిల్లలు పోయే విమానంలోనే. ఊళ్ళో పీర్లు ఇప్పటికీ లేస్తాయి గాని డప్పులు తగ్గాయి. షాదీల్లో డీజే పెట్టెలు వచ్చాయి, కిటికీ అద్దాలు అదురుతాయి. సంగీతం హరామ్ అని డప్పును మాన్పించిన ఇళ్ళల్లోనే డీజే బండి ముందు పిల్లలు ఎగురుతున్నారు. మాన్పించింది సంగీతాన్నా, మనిషినా అని మనల్ని మనమే అడగాలి.

భాంజాకు ఆలస్యంగా జవాబు రాశాను. "హౌ బేటా, అది డప్పు లాంటిదే. కానీ మన డప్పు అనే హక్కు మనకు ఇంకా రాలేదు. సంపాదించుకోవాలె." వాడు ఒక నవ్వు బొమ్మ పంపి, "ఎట్ల మామూ?" అన్నాడు.

ఎట్లనో నాకు తోచింది ఇది. రబీ-ఉల్-అవ్వల్ తర్వాత మా ఇంట్లో వాడి చెల్లె నికాహ్ ఉంది, ఇన్‌షా అల్లాహ్. డీజే వద్దని చెప్పేశాను. నానీ ఊరికి పోయి ఆ పెద్దాయన ఇల్లు వెతికాను. ఆయన లేరు. కొడుకు ఉన్నారు, అరవై దాటాయి. 'అన్నా' అని పిలిచి కూచున్నాను. అటక మీద ఉన్న డప్పు దించి చూపించారు, తోలు వదులైంది. "కొత్త తోలు వెయ్యాలె, టైం పడతది" అన్నారు. టైం ఉంది అన్నాను. నికాహ్ ఖబర్ ఆయన డప్పు నుంచే మొహల్లా వింటుంది. బిర్యానీ మాత్రం గోడ బయట కాదు. ఖాజీ సాహెబ్ కూచున్న దస్తర్‌ఖాన్ మీదనే, ఆయన పక్కనే. ఖాజీ సాహెబ్‌ను ముందే అడిగాను. "ఇంతకాలం అడగనందుకు నువ్వు తౌబా చెయ్యి" అన్నారు.